చెంప మీద మూడు వేళ్లు

రేకుల మాస్టారు తాను రాసిన బోర్డును వీధిలో నిలబడి చూసుకున్న పాపాన పోలేదు. అది గర్వమని కొందరు, ఏదో పట్టింపు అని కొందరు అనుకునేవారు. ఆయనకు రెండూ లేవు. రాసిన చేతికి తన తప్పును తానే మన్నించుకునే గుణం ఉంటుందనీ, ఆ చేయిగల మనిషి కన్ను కూడా దానికే వత్తాసు పలుకుతుందనీ ఆయన చాలాకాలం గమనించి తేల్చుకున్నాడు. కనుక రాయడం తన వంతు, చూడటం భార్య వంతు. పెళ్లయిన కొత్తలో చేసుకున్న ఈ ఏర్పాటును ఇద్దరిలో ఎవరూ దాటలేదు.

ఆ పేరు సంగతి ముందే చెప్పాలి. గుమ్మం పక్కన ‘రేకుల పని చేయబడును’ అని రాసి ఉండేది. అది చూసి, పైకప్పు కారుతోంది ఎప్పుడొస్తారని అడిగేవాళ్లు అప్పుడప్పుడూ తగిలేవారు. ఆయన రేకు వేరు. ఊపిరి తగిలితే ఎగిరిపోయే బంగారు రేకు. దుకాణాల అద్దాలకు లోపలివైపు నుంచి ఆ రేకుతో అక్షరాలు నిలపడం ఆయన పని. అద్దానికి పల్చగా జిలాటిన్ నీళ్లు పూసి, వెడల్పాటి మెత్తని కుంచెను ఒకసారి చెంపకు రాచి, చర్మం మీది కాస్తంత జిడ్డుతో రేకును పైకెత్తి అద్దం దగ్గరికి తీసుకువెళితే చాలు, మిగిలిన ఆ వెంట్రుకవాసి దూరం అది తానే దూకుతుంది. అంతా ఆరాక, సూదితో అంచులు పొడిచిన కాగితపు నమూనాను తిరగేసి బంగారం వెనక ఆనించి, సుద్దపొడి మూటతో అద్దితే అక్షరాల గుర్తులు పడతాయి. ఆ మేరకు నల్లరంగు వేసి, రంగు చాటుకు రాని బంగారాన్ని తడిదూదితో తుడిచేస్తే అక్షరం మిగులుతుంది. నల్లరంగు వేసేదాకా ఏ తప్పునైనా దిద్దుకోవచ్చు. ఆ తర్వాత దిద్దుబాటు లేదు.

అందువల్ల అసలు తీర్పు అన్నిటికన్నా ముందే జరిగిపోవాలి. ఆ నమూనా అద్దం మీద ఎక్కడ నిలవాలన్నదే ఆ తీర్పు. దానికి కొలబద్ద చాలదు. పాత గుమ్మాలు కుంగుతాయి, వీధి వాలుగా ఉంటుంది, పక్క గోడ వంకర ఈ గోడకూ అంటుకుంటుంది. కొలతకు సమంగా ఉన్న వరుస కంటికి ఒరిగి కనిపిస్తుంది. అందుకని ఆయన లోపల కాగితాన్ని అద్దానికి అదిమిపెట్టి పట్టుకునేవాడు. ఆవిడ వీధి దాటి అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడేది. మధ్యన అద్దం, బండ్ల రొద. మాట వినపడే వీలు లేదు. అరచెయ్యి ఎత్తితే పైకి, దించితే కిందికి, చూపుడు వేలు ఎటు వంగితే ఆ మూల అటు. అన్నీ కుదిరాక, కుంచెను రాచుకున్నట్టుగా, మూడు వేళ్లతో తన చెంపను పైనుంచి కిందికి రాసుకునేది. ఇక దానికి తిరుగు లేదు. ఆయన మైనపు పెన్సిలుతో కాగితం మూలలున్న చోట అద్దం మీద గుర్తులు పెట్టేసేవాడు.

ఒకసారి వీధికి కొత్తగా వచ్చిన కానిస్టేబులు ఆ సైగ చూసి, ఆవిడ ఎవరికో చెంపదెబ్బ ఇస్తానని బెదిరిస్తోందనుకుని సర్దిచెప్పబోయాడట. ‘ఇవ్వాల్సింది లోపలున్నాయనకి బాబూ, ఇంటికెళ్లాక ఇచ్చుకుంటాలే’ అందట ఆవిడ. దుకాణాలవాళ్లు ఆవిడకు ‘అవతలమ్మ’ అని పేరు పెట్టుకున్నారు. మాస్టారు దగ్గర బోర్డు రాయించుకున్నవాళ్లు ఆయన చేతినీ, ఆవిడ కంటినీ కలిపి మెచ్చుకునేవారు. ఎవరైనా పొరపాటున ‘చేతి మహిమ’ అంటే మాత్రం ఆయనకు చిర్రెత్తుకొచ్చేది. మహిమ అనేది ఉంటే ఇన్ని రేకులు చిరిగేవి కావనేవాడు. దేనికైనా ఆయన మొదటి ప్రశ్న ఒకటే, రుజువేది? కూతురు చిన్నప్పుడు కడుపునొప్పి అని బడి ఎగ్గొట్టబోతే దానికీ రుజువు అడిగిన మనిషి.

మతిమరుపు మొదట వంటింట్లో బయటపడింది. పాలగిన్నె బట్టల బీరువాలో దొరికింది. ఆ తర్వాత అది మాటల మధ్యకు పాకింది. ఆవిడ మొదలుపెట్టిన వాక్యం సగంలో ఆగి, దారి తప్పినవాళ్లలా అటూ ఇటూ చూసేది. పెద్ద డాక్టరు ఆవిడ మెదడు ఫొటోలు వెలుతురుకెత్తి చూసి, ఇది ఇంకా ముదిరేదే తప్ప తగ్గేది కాదని మెల్లగా చెప్పాడు. మాస్టారు ఆయన మాటను నమ్మాడు. ఒక్క విషయంలో తప్ప.

కూతురిది రెండు వీధుల అవతల కాపురం, రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. ఆ సాయంత్రమే వచ్చి కూర్చుంది. అమ్మను తన ఇంట్లో పెట్టుకుంటానంది. పగలు చూసుకోవడానికి తన అత్తగారు ఒప్పుకున్నారని కూడా చెప్పింది.

‘‘ఇక నువ్వు అమ్మని రోడ్డు మీద నిలబెట్టడం ఆపు నాన్నా.’’

‘‘నిలబెడుతున్నాను కాబట్టే నిలబడుతోంది.’’

‘‘మొన్న మా అత్తగారిని పట్టుకుని, మీరు ఎవరి తాలూకు అనడిగింది. ఆవిడ నవ్వేసింది గానీ నాకు తల కొట్టేసినట్టయింది.’’

మనుషుల్ని మర్చిపోతుంది గానీ అక్షరాల వరుసను మర్చిపోదన్నాడు మాస్టారు. పేర్లు ఉండే చోటు వేరు, చూపు ఉండే చోటు వేరు అని ఆయన ఎక్కడో చదివాడు. చదివిన ప్రతిదాన్నీ గీచి చూసే మనిషి, దీన్ని మాత్రం గీచి చూడలేదు. కూతురు ఆయన దగ్గర నేర్చుకున్న మాటనే ఆయన మీదికి వదిలింది.

‘‘రుజువేది నాన్నా?’’

మాస్టారు, ఆవిడ కన్ను తప్పిందని తేలిన రోజున తానే చెయ్యి పట్టుకు తీసుకొచ్చి అప్పజెబుతానని మాటిచ్చాడు. ఇచ్చిన మాట తప్పే అలవాటు ఆయనకు లేదని ఇద్దరికీ తెలుసు. అందుకే ఆ తర్వాత ఇద్దరూ వేరే సంగతులు మాట్లాడుకున్నారు.

కళ్లజోళ్ల షాపాయన కబురు పంపింది ఆ తర్వాతే. షాపుకు కొత్త అద్దం బిగించారు, దాని మీద ‘కళ్లజోళ్లు’ అని బంగారంతో రాయాలి. అక్షరాల ఎత్తు, అంచులకు ఎర్రగీత, అన్నీ మాట్లాడుకున్నాక షాపాయన బల్ల మీది అద్దాలను అవసరం లేకపోయినా తుడుస్తూ, ఈసారి మీరే ఒకసారి అవతలికెళ్లి చూసుకుంటారా అని నీళ్లు నమిలాడు.

మాస్టారికి ఎక్కడో గుచ్చుకుంది. ‘‘మీరు పరీక్ష చేసిన కళ్లని ఇంకోడొచ్చి మళ్లీ చేస్తానంటే ఊరుకుంటారా?’’

‘‘ఊరుకోను. కానీ నా కళ్లు మాత్రం నేను ఇంకోడి దగ్గరే చూపించుకుంటా.’’ షాపాయన తుడవడం ఆపాడు. ‘‘మందుల షాపు బోర్డు చూశారా మాస్టారూ?’’

‘‘నేను చూడనని మీకు తెలుసుగా.’’

‘‘ఒక్కసారి చూడండి.’’

ఆయన వెళ్లాడు. మందుల షాపుకు ఎదురుగా, తన జీవితంలో ఎన్నడూ నిలబడని చోట నిలబడ్డాడు. తన చేతి కింద పుట్టిన అక్షరాలు మొదటిసారి వీధిలోంచి ఆయన్ను చూశాయి. మొదటి అక్షరం నిటారుగానే ఉంది. వరుస సాగేకొద్దీ కుడివైపుకు జారిపోయి, చివరి అక్షరం అలిసిపోయి చతికిలబడ్డట్టు ఉంది. చూడకుండా ఉండలేనంత వంకర. అక్కడి నుంచి టైలరు కొట్టుకు వెళ్లాడు. అది దీనికన్నా తర్వాత రాసింది. దీనికన్నా ఘోరంగా ఉంది.

టైలరు నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరి కోటుకో చెయ్యి అతుకుతున్నాడు. బోర్డు వంకర సంగతి తెలుసా అని అడిగితే, సూదులు ఒక్కొక్కటే తీసి దిండులో గుచ్చి, అప్పుడు నోరు విప్పాడు. తెలుసనీ, నల్లరంగు ఆరిన రోజే చూశాననీ, వీధిలో అందరికీ తెలుసనీ చెప్పాడు.

‘‘మరి చెప్పొచ్చుగా?’’

‘‘చెప్తే అవతలమ్మని ఇంట్లో కూర్చోబెడతారు.’’ టైలరు తలెత్తలేదు. ‘‘కోటు వంకరగా కుడితే జనం నన్ను అడుగుతారు గానీ, బోర్డుదేముంది మాస్టారూ. ఉండనీండి.’’

మాస్టారు కోపం తెచ్చుకుందామని చూశాడు. రాలేదు. తాను లోపల నిలబడి మూలలకు గుర్తులు పెడుతున్నంతసేపూ, ఆవిడ అవతల చెంప రాసుకుంటున్నంతసేపూ, వీధి వీధంతా నోరు మెదపకుండా తన మీద దయ చూపిస్తూ వచ్చింది. సాక్ష్యం దాచిపెట్టే దయ అది. ఇన్నాళ్లూ ఆయన లోకానికి చెప్పిన పాఠమంతా దానికి విరుద్ధం. అయినా ఆ కొట్లో నిలబడి ఆయన చేయగలిగింది, టైలరు భుజం మీద ఒకసారి చెయ్యి వేసి బయటికి రావడమే.

ఇంటికి నడుస్తూ వేరే కారణాలు వెతికాడు. వానలకు గోడ దిగి ఉండొచ్చు. గుమ్మం కుంగి, అద్దం దాంతోపాటు ఒరిగి ఉండొచ్చు. నచ్చిన సిద్ధాంతాన్ని బతికించుకోవడానికి మనుషులు ఎన్ని తడికలు కడతారో ఇతరుల విషయంలో ఆయనకు బాగా తెలుసు. తానూ అదే కడుతున్నట్టు ఇంటి మెట్లెక్కేసరికి గ్రహించాడు. పరీక్ష ఒకటే మిగిలింది.

మర్నాడు ఎండ ముదరకముందే ఆవిడను వెంటబెట్టుకుని కళ్లజోళ్ల షాపుకు వెళ్లాడు. ఆవిడ ఊదారంగు శాలువా కప్పుకుంది. చెయ్యి పట్టుకుని వీధి దాటించి, దీపస్తంభం పక్కన నిలబెట్టి, ఇక్కడే ఉండు, కదలకు అన్నాడు.

‘‘నాకు చెబుతున్నారా? మీరు కాగితం తిన్నగా పట్టుకోండి చాలు.’’

ఆ గొంతులో వెనకటి పదును అచ్చంగా అలాగే ఉంది. వీధి దాటుతున్నంతసేపూ ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

లోపల నమూనా కాగితాన్ని అద్దానికి ఆనించాడు. మొదట తనకు తోచినంత సమంగా పట్టుకున్నాడు. ఆవిడ మూడు వేళ్లతో చెంప రాసుకుంది. కాగితం కుడి మూలను బొటనవేలంత కిందికి దించాడు. ఆవిడ చెంప రాసుకుంది. బెత్తెడు దించాడు. వరుస మొత్తం గోతిలో పడబోయే బండిలా ఒరిగింది. ఆవిడ చెంప రాసుకుంది. అప్పుడాయన కాగితాన్ని పూర్తిగా తలకిందులు చేసి పట్టుకున్నాడు. ఆవిడ ఓపిగ్గా, ఒక చిన్న నవ్వుతో, అదే చెంపను అలాగే రాసుకుంది.

పక్కన నిలబడ్డ షాపాయన గొంతు సవరించుకున్నాడు. ‘‘ఆవిడ కాగితాన్ని చూడటం లేదు మాస్టారూ. మిమ్మల్ని చూస్తోంది.’’

‘‘అలా అనుకుంటే హాయిగా ఉంటుంది. కానీ నిజం మీకూ తెలీదు, నాకూ తెలీదు.’’

తెలుసుకోవడానికి దారి ఉంది. అది తనకు తెలియకపోతే బాగుండేదని ఆయన జీవితంలో మొదటిసారి అనుకున్నాడు. కాగితం చుట్టి బల్ల మీద పెట్టాడు. అద్దం ముందు నుంచి తప్పుకుని గోడ చాటుకు వెళ్లి, తలుపు సందులోంచి చూశాడు. ఇప్పుడు అద్దంలో కాగితం లేదు, ఆయనా లేడు. ఒక బండి పోయింది. ఇంకొకటి పోయింది. ఆవిడ ఖాళీ అద్దం వైపు కాసేపు చూసి, తలాడించి, మూడు వేళ్లతో చెంప రాసుకుంది.

షాపాయన ముఖం అటు తిప్పుకుని సొరుగులో దేనికోసమో వెతికాడు.

మాస్టారు వీధి దాటి వెళ్లాడు. ఆవిడ కళ్ల మీద ఎండ పడుతోంది. శాలువా అంచు సర్దాడు.

‘‘కుదిరిందా?’’ అని అడిగింది ఆవిడ.

ఆవిడకు ఆయన ఎప్పుడూ కబుర్లు చెప్పలేదు. ఆవిడ తండ్రి మంచం పట్టినప్పుడు కూడా, తగ్గిపోతుందని అందరూ అంటుంటే, తగ్గదు వెళ్లి చూసిరా అన్న మనిషి.

‘‘కుదిరింది,’’ అన్నాడు. ‘‘బాగా కుదిరింది.’’

ఆ రాత్రే కూతురి ఇంటికెళ్లి గుమ్మంలోనే నిలబడి, తేలిందమ్మా అన్నాడు. ఏం తేలిందో, ఎలా తేలిందో ఆమె అడగలేదు. ఈ ఒక్క బోర్డు పూర్తయ్యేదాకా అమ్మ తన వెంటే ఉంటుందనీ, పని ముగిసిన రోజు సాయంత్రం షాపు దగ్గరికే వచ్చి తీసుకెళ్లమనీ చెప్పాడు. ఆమె సరే నాన్నా అని, అన్నం తినిపొమ్మంది. ఆకలి లేదన్నాడు. కూతురు దానికి రుజువు అడగలేదు.

ఆ బోర్డు ఆయన ఒక్కడే చేశాడు. ఆవిడను షాపులో కళ్ల పరీక్షకు వాడే ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎదురుగా గోడ మీద పెద్ద అక్షరాల నుంచి చిన్న అక్షరాలకు దిగే పటం ఉంది. ఆవిడ దాన్ని పైనుంచి కిందికి చదివేది, కిందికి వచ్చేసరికి పైన ఏముందో మర్చిపోయి మళ్లీ మొదలుపెట్టేది. చూపుకేమీ లోటు లేదని షాపాయన నెమ్మదిగా చెప్పాడు. మాస్టారు కాగితాన్ని అద్దానికి అంటించడం, వీధి దాటడం, చూడటం, మళ్లీ వచ్చి ఒక వెంట్రుకంత జరపడం, మళ్లీ వీధి దాటడం. బండ్లవాళ్లు తిట్టారు. ముసలాయనకు పిచ్చెక్కిందని కూడా ఒకడు అన్నాడు. తన కన్ను తన చేతికి వత్తాసు పలుకుతోందేమోనని ప్రతిసారీ అనుమానమే. ఆ అనుమానంలోంచి బయటికి లాగే మనిషి అవతల లేనప్పుడు, మూలలకు గుర్తులు పెట్టడం ఎంత కష్టమో ఆయనకు అప్పుడు తెలిసింది.

బంగారం పెట్టేటప్పుడు మాత్రం ఆవిడ సాయం తప్పలేదు. వయసు మీద పడ్డాక ఆయన చర్మం ఎండిపోయింది. కుంచెను ఎంత రాచుకున్నా రేకు లేచేది కాదు. అందుకని ఎప్పటి నుంచో ఆవిడ చెంపకే రాచేవాడు. ఇప్పుడూ కుంచె పట్టుకుని కుర్చీ దగ్గరికి వెళ్లగానే, అడగకుండానే ఆవిడ ముఖం కాస్త పక్కకు తిప్పి చెంప అందించింది. రేకు లేచింది, అద్దానికి దూకింది. ఇందులో మహిమ లేదని ఆయనకు తెలుసు. కుంచెకు కావాల్సింది చర్మం మీది జిడ్డే. ఆ కుంచె ఎవరిదో చర్మానికి గుర్తుండనక్కర్లేదు. అది తెలిసి ఉండి కూడా, ఒక్కో రేకుకూ ఒక్కోసారి, కావాల్సిన దానికన్నా మెల్లగా రాచాడు.

నల్లరంగు ఆరాక అదనపు బంగారాన్ని తడిదూదితో తుడిచేశాడు. అంచులకు ఎర్రగీత గీశాడు. వార్నిష్ పూసి, కుంచెలు కడిగి, చేతులు తుడుచుకుని, చివరిసారి వీధి దాటాడు. దీపస్తంభం పక్కన, ఆవిడ చోట నిలబడ్డాడు.

వరుస తిన్నగా ఉంది. సాయంత్రపు వెలుగు పడి అక్షరాలు పసుపుపచ్చగా మండుతున్నాయి. ‘కళ్లజోళ్లు’ అన్న ఆ మాట వెనక, అక్షరాల సందుల్లోంచి, ఎత్తు కుర్చీలో కూర్చుని ఆవిడ ఆయన్నే చూస్తోంది. చూస్తోందని ఈసారి ఆయనకు అనుమానం లేదు. ఆయన చెయ్యి తనంతట తానే లేచింది. మూడు వేళ్లతో తన ఎండిన చెంపను పైనుంచి కిందికి రాసుకున్నాడు.

ఆవిడ చటుక్కున కుర్చీ దిగింది. ఆయన గబగబా వీధి దాటి లోపలికి వచ్చేసరికి తలుపు దగ్గరే ఎదురైంది. శాలువా సర్దుకుని, పరాయివాళ్లతో మాట్లాడేటప్పటి మర్యాదతో పలకరించింది.

‘‘చూడండీ, మీకు ఈ పని తెలుసా?’’

‘‘కాస్త తెలుసండీ.’’

ఆవిడను ఆయన ఏనాడూ ‘అండీ’ అనలేదు. ఆ మాట నోట్లోంచి వచ్చాక, ఇక దాన్ని వెనక్కి తీసుకునే వీలు కనిపించలేదు.

‘‘మా ఆయన బోర్డులు రాస్తారు. అవతల నిలబడి చూసే మనిషి కావాలి ఆయనకి. ఇన్నాళ్లూ నేనే చూశాను.’’ ఆవిడ వెనక్కి తిరిగి షాపాయనను ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. ‘‘ఈ మధ్య అక్కడ నిలబడ్డాక ఏం చూడాలో గుర్తుండటం లేదండీ. చెంప రాయకపోతే ఆయన కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోతారు, చేతులు లాగేస్తాయి పాపం. అందుకని రాసేస్తున్నా. ఆయనకి చెప్పకండి. చెప్పినా నమ్మరు, రుజువు అడుగుతారు.’’

మాస్టారు తలుపు చెక్కను పట్టుకున్నాడు.

‘‘మీరొస్తారా ఆయన దగ్గరికి? ఒక్కరే అయిపోతారు.’’

‘‘వస్తానండీ.’’

ఆవిడ ముఖం తేలికపడింది. పెద్ద మూట ఒకటి దింపుకున్నట్టు ఊపిరి వదిలి, పని అప్పజెప్పడం మొదలుపెట్టింది. ఆయన కొలబద్దను నమ్ముతారట, మీరు నమ్మకండి అంది. ఎండలో నిలబడాల్సి వస్తుంది, తలకు ఏదైనా చుట్టుకోండి అంది. అరచెయ్యి ఎత్తితే పైకి అని, దించితే కిందికి అని చూపించింది. వాటిలో ఒకటి తప్పు చూపించి, మళ్లీ తానే దిద్దుకుంది. వీధి మలుపులో కూతురు కనిపించింది, చేతిలో అమ్మ బట్టల కోసం తెచ్చిన ఖాళీ సంచీతో.

‘‘అన్నీ కుదిరాయనుకోండి, అప్పుడు ఇలా.’’ మూడు వేళ్లు చెంప మీద పెట్టి కిందికి రాసింది. ‘‘ఆయనకి ఇదొక్కటే గుర్తు. ఇది పడితే ఇంక మారు మాట్లాడరు. గుర్తుంటుందా మీకు?’’

‘‘ఇంకోసారి చూపించండి,’’ అన్నాడు మాస్టారు.

ఆవిడ చూపించింది. కూతురు వీధి దాటి వచ్చేదాకా, ఆయన అడిగినప్పుడల్లా, విసుక్కోకుండా చూపిస్తూనే ఉంది.